ఒకే జట్టుకు ఇన్ని ర్యాంకులా? ఎందుకు? ఎలా?

ప్రశ్న: "మా అన్న అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాళ్ల కాలేజీకి ఫుట్‌బాల్ టీము ఉందంట. ఒక లిస్టులో ఆ టీముకు ఒక ర్యాంకు, ఇంకో లిస్టులో ఇంకో ర్యాంకు, మూడో దాంట్లో మళ్లీ వేరే ర్యాంకు. ఆడింది అవే మ్యాచులు గదా! మరి ర్యాంకులు ఎట్ల మారతాయి? అన్నింట్లో ఏది నిజం?" (ఎనిమిదో తరగతి విద్యార్థిని, పుంగనూరు)

జవాబు:

పాపా, "ఆడింది అవే మ్యాచులు గదా" అన్నావు చూడు, అసలు ప్రశ్నంతా ఆ మాటలోనే ఉంది. స్కోరు ఎవరు చూసినా ఒకటే. పద్నాలుగు పద్నాలుగే, ఏడు ఏడే. అలాంటప్పుడు ఆ స్కోర్లను బట్టి వేసే వరుస కూడా ఒకటే ఉండాలి గదా అని నీకు అనిపించింది. పెద్దవాళ్లకు కూడా అలాగే అనిపిస్తుంది. ఎందుకు అలా ఉండదో తొందర లేకుండా, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ చూద్దాం.

ముందు ఆట సంగతి. మీ అన్న ఏ ఊళ్లో ఉన్నాడో నువ్వు రాయలేదు. మిస్సోరీలో తెలుగు పిల్లలు ఎమ్మెస్ కోసం ఎక్కువగా వెళ్లే చిన్న ఊళ్లు రెండున్నాయి. మేరీవిల్‌లో నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ, వారెన్స్‌బర్గ్‌లో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ. మొదటి జట్టు పేరు బేర్‌క్యాట్స్. రెండో జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచర గాడిదలు. మీ అన్నది ఏ ఊరైనా మన జవాబు మారదు.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అడ్డొచ్చినవాడిని నెడతారు, పట్టుకుని పడేస్తారు. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. కబడ్డీలో గీత దాటి వెళ్లి ప్రాణాలతో తిరిగి రావడం ఎంత పట్టుదల పనో, ఇక్కడ ఒక్కో గజం గెలుచుకోవడం అంత పని. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. తర్వాత కాలితో తన్ని గుంజల మధ్య నుంచి పోనిస్తే ఇంకో పాయింటు. అంటే మొత్తం ఏడు. ఈ ఏడును గుర్తుపెట్టుకో, చివర్లో పనికొస్తుంది.

అమెరికా కాలేజీ ఆటల్లో అంతస్తులున్నాయి. టీవీల్లో కనిపించే పెద్ద యూనివర్సిటీలది డివిజన్ వన్. మనం చెప్పుకుంటున్న రెండు కాలేజీలు డివిజన్ టూ. అక్కడ ఫుట్‌బాల్ జట్టు మొత్తానికి కలిపి 36 పూర్తి స్కాలర్‌షిప్పులకు సరిపడే సొమ్మే పంచాలని నియమం. చిన్న ఊళ్లు, చిన్న స్టేడియాలు, చిన్న బడ్జెట్లు. కానీ శనివారం వస్తే ఊరంతా అక్కడే ఉంటుంది.

పాయింట్ల పట్టిక వేస్తే సరిపోదా?

ఐపీఎల్‌లో ఈ గొడవ లేదు గదా అని నువ్వు అడగొచ్చు. నిజమే, లేదు. ఎందుకు లేదో చూస్తే ఇక్కడ ఎందుకు ఉందో తెలుస్తుంది.

ఐపీఎల్‌లో పది జట్లు. పది జట్లలోంచి ఎన్ని జోడీలు కట్టొచ్చు? 45. లీగ్ దశలో మ్యాచులు 70. అంటే ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో కనీసం ఒక్కసారైనా ఆడుతుంది. ఎవరు ఎవరిని గెలిచారో అందరికీ తెలుసు. కాబట్టి గెలుపులు లెక్కపెట్టి వరుస వేస్తే పెద్దగా వాదన ఉండదు.

డివిజన్ టూలో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలు 160కి పైగా ఉన్నాయి. 160 అనే అనుకుని లెక్క వేద్దాం. 160ని 159తో గుణించి, రెండుతో భాగించు. జోడీలు 12,720. ఇది ఒళ్లు హూనమయ్యే ఆట, కాబట్టి వారానికి ఒక్క మ్యాచే ఆడతారు. మామూలు సీజన్‌లో ఒక జట్టు 11 మ్యాచులకు మించి ఆడదు. అన్ని జట్లూ పదకొండేసి ఆడాయనుకున్నా మొత్తం 880 మ్యాచులు. అంటే 12,720 జోడీల్లో దాదాపు 11,800 జోడీలు ఆ ఏడాది ఒకరి ముఖం ఒకరు చూడనే చూడవు.

పైగా ఆ ఆడేవి కూడా ఎక్కువగా ఇరుగుపొరుగుతోనే. బేర్‌క్యాట్స్, మ్యూల్స్ రెండూ ఎమ్ఐఏఏ అనే కాన్ఫరెన్స్‌లో (పొరుగు రాష్ట్రాల కాలేజీల కూటమి) ఆడుతూ వచ్చాయి. ఏడాదిలో చాలా మ్యాచులు ఈ కూటమి లోపలే జరిగిపోతాయి. పెన్సిల్వేనియాలోనో జార్జియాలోనో ఉన్న మంచి జట్టుతో తేల్చుకునే అవకాశం ఉండదు.

కాబట్టి ర్యాంకు వేసేవాళ్లు చేసే పని ఇది: ఆడిన 880 మ్యాచులు చూసి, ఆడని 11,800 మ్యాచులు ఎలా జరిగి ఉండేవో ఊహించడం. స్కోరు నిజం, ర్యాంకు ఊహ. ఒకే నిజాన్ని పెట్టుకుని ముగ్గురు ఊహిస్తే మూడు రకాలుగా ఊహించరా మరి? ఇది మన మొదటి మెట్టు.

ఏది కొలుస్తున్నాం?

రెండో మెట్టుకు మీ ఊరి ఆవే సాయం చేస్తుంది. పుంగనూరు ఆవు ప్రపంచంలోనే అతి పొట్టి ఆవు జాతుల్లో ఒకటి. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. ఇప్పుడు దాని పక్కన ఒక హెచ్ఎఫ్ సంకర ఆవును కట్టేసి, "వీటిలో ఏది ఫస్టు?" అని అడుగు.

పాల కేంద్రంలో బిందె కొలిచేవాడు హెచ్ఎఫ్ ఆవునే ఫస్టు అంటాడు. పుంగనూరు ఆవు రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లే ఇస్తుంది మరి. వెన్న శాతం చూసేవాడు మీ ఆవును ముందు పెడతాడు. దాని పాలల్లో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందని పేరు, మామూలు ఆవు పాలల్లో మూడున్నర, నాలుగు ఉంటే గొప్ప. కరువు సంవత్సరం గడ్డి కొని మేపిన రైతును అడిగితే ఆయనా మీ ఆవుకే ఓటు వేస్తాడు, కొద్దిపాటి మేతతో నెట్టుకొస్తుందని. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు లీటర్లు, ఒకరు వెన్న, ఒకరు మేత ఖర్చు కొలిచారు. "ఏది ఫస్టు?" అన్న ప్రశ్నకు "ఏ లెక్కలో?" అన్న తోక తగిలిస్తే తప్ప జవాబు లేదు.

ఫుట్‌బాల్ జట్లకూ ఇంతే. "ఇప్పటిదాకా ఎవరు ఎక్కువ సాధించారు?" అనేది ఒక లెక్క. "రేపు ఇద్దరూ తలపడితే ఎవరు గెలుస్తారు?" అనేది ఇంకో లెక్క. రెండూ ఒకటేనని పైకి అనిపిస్తుంది. కానీ ఒక జట్టు బలహీనులతో ఆడి పదికి పది గెలిచిందనుకో. ఇంకో జట్టు హేమాహేమీలతో ఆడి ఎనిమిది గెలిచి, రెండు కొద్దిలో పోగొట్టుకుందనుకో. సాధించినదాని లెక్కలో మొదటి జట్టు పైన ఉంటుంది. రేపటి పందెం లెక్కలో చాలామంది రెండో దానివైపే మొగ్గుతారు. లిస్టు వేసేవాళ్లు ఏ లెక్క మనసులో పెట్టుకున్నారో పైకి చెప్పరు. ఒక్కోసారి వాళ్లకే తెలియదు.

ఓట్లు ఎలా కూడతారు?

ఇప్పుడు మూడో మెట్టు. అమెరికాలో కోచ్‌ల సంఘం ఒకటుంది, 1922లో పుట్టింది. డివిజన్ టూ జట్లకు 2000వ సంవత్సరం నుంచి అది ప్రతి సీజన్‌లో వారం వారం ఒక పోల్ (ఓట్లు వేయించి తీసే వరుస) ప్రకటిస్తోంది. ఆట శనివారం, లిస్టు సోమవారం. వేర్వేరు ప్రాంతాల నుంచి ఎంపికైన కోచ్‌లు ఒక్కొక్కరు తమకు తోచిన 25 జట్లను వరసగా రాసి పంపుతారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండో దానికి 24, అలా దిగుతూ ఇరవై ఐదో దానికి ఒకటి. అన్నీ కూడితే ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు పైన.

లెక్క సులువే గానీ ఇందులో ఒక తమాషా ఉంది. మన ఊళ్లతోనే చూద్దాం. మదనపల్లె బీటీ కాలేజీ గ్రౌండులో వాలీబాల్ పోటీ జరిగిందనుకో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు జట్లు. అయిదుగురు పెద్దమనుషులు ఓటు వేశారు. ముగ్గురు "మదనపల్లె, కుప్పం, పుంగనూరు" అని రాశారు. ఇద్దరు "కుప్పం, పుంగనూరు, మదనపల్లె" అని రాశారు. మొదటి స్థానానికి మూడు పాయింట్లు, రెండో దానికి రెండు, మూడో దానికి ఒకటి.

కాగితం తీసి నువ్వే కూడు. మదనపల్లెకు మూడు మూళ్లు తొమ్మిది, ఇంకో రెండు ఒకట్లు కలిపితే 11. కుప్పానికి మూడు రెళ్లు ఆరు, రెండు మూళ్లు ఆరు, మొత్తం 12. పుంగనూరుకు ఏడు. పాయింట్ల లెక్కలో కుప్పం ఫస్టు! అయిదుగురిలో ముగ్గురు మదనపల్లెనే మొదట రాసినా, అది రెండోదైపోయింది. మొదటి స్థానం ఓట్లు లెక్కపెడితే మదనపల్లె గెలిచేది. అవే ఓట్లు, అవే కాగితాలు, కూడే పద్ధతి మారితే ఫస్టు మారింది. ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని జట్టుకు పాయింట్ల పద్ధతి మేలు చేస్తుంది. కొందరు నెత్తిన పెట్టుకుని కొందరు తోసిపారేసే జట్టుకు కీడు చేస్తుంది. అందుకే కోచ్‌ల లిస్టులో ప్రతి జట్టుకూ పాయింట్లతో పాటు మొదటి స్థానం ఓట్లు ఎన్ని వచ్చాయో కూడా వేస్తారు. చూడటం అలవాటైనవాళ్లు ఆ రెండు అంకెలూ చూస్తారు.

ఎక్కడి నుంచి చూస్తున్నారు?

ఓటు వేసే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నది నాలుగో మెట్టు. దీనికి కుప్పం పోదాం.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. అక్కడి కుర్రాడికి బంగారుపేట, కేజీఎఫ్ జట్ల గురించి తెలుసు, కృష్ణగిరి జట్ల గురించి తెలుసు. రాయచోటిలోనో కదిరిలోనో ఎవరు బాగా ఆడుతున్నారో అంతగా తెలియదు. మదనపల్లె కుర్రాడికి రాయచోటి, కదిరి బాగా తెలుసు, కృష్ణగిరి తెలియదు. ఇద్దరినీ చెరొక పది జట్ల లిస్టు రాయమను. ఇద్దరూ నిజాయితీపరులే. అయినా కుప్పం లిస్టులో కృష్ణగిరి పైకి వస్తుంది, మదనపల్లె లిస్టులో రాయచోటి పైకి వస్తుంది. ఇందులో పక్షపాతం కంటే కంటికి ఆనినంత మేరే చూడగలగడం ఎక్కువ.

మిస్సోరీ కోచ్‌కు కూడా ఇదే కష్టం. శనివారం అందరూ ఆడుతున్న సమయంలో ఆయన కూడా తన జట్టును ఆడిస్తూ గీత పక్కన నిలబడి ఉంటాడు. మిగతా మ్యాచులన్నీ ఆయనకు స్కోర్లుగానే చేరతాయి. తను స్వయంగా తలపడిన జట్టు బలం మాత్రం ఆయనకు ఎముకల్లో తెలుసు. పత్రికలవాళ్లు, ఆటల సమాచారం చూసేవాళ్లు ఓటు వేసే పోల్స్ కూడా ఉన్నాయి. వాళ్లు ఎక్కువ మ్యాచులు చూస్తారు, కానీ కోచ్‌కు కనిపించే ఎత్తుగడలు వాళ్లకు కనిపించకపోవచ్చు. చూసే కళ్లు మారితే వరుస మారక తప్పదు.

పేరు పడ్డ రైతు బాక్సు

అయిదో మెట్టు మదనపల్లె టమోటా మార్కెట్టులో ఉంది. పొద్దున్నే వేలం మొదలవుతుంది. ఒక రైతు సరుకు ఏళ్ల తరబడి బాగుంటూ వచ్చిందనుకో. ఆయన బాక్సులు కనబడగానే వ్యాపారి అడుగున కాయ తిప్పి చూడకుండానే మంచి పాట పాడతాడు. కొత్త రైతు అంతకంటే మంచి కాయ తెచ్చినా, నాలుగు వారాలు వరుసగా తెస్తే గానీ ఆ ధర రాదు. పేరున్నాయన సరుకు ఒకరోజు నాసిగా వచ్చినా ధర ఒక్కసారే పడిపోదు, మెల్లగా దిగుతుంది.

ఫుట్‌బాల్ పోల్స్‌లోనూ ఇదే నడుస్తుంది. సీజన్ మొదలవకముందే, ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే మొదటి లిస్టు వచ్చేస్తుంది. దేన్ని చూసి వేస్తారు? పోయినేడు ఎలా ఆడారు, ఎంతమంది పాతవాళ్లు మిగిలారు, ఆ కాలేజీకి ఎంత పేరుంది అనేవి చూసి. ఆ తర్వాత వారం వారం గెలిచినవాడిని కొంచెం పైకి, ఓడినవాడిని కొంచెం కిందికి జరుపుతూ పోతారు. అంటే ఎక్కడ మొదలుపెట్టారన్న దాని నీడ చాలా వారాల దాకా లిస్టు మీద పడుతూనే ఉంటుంది. ఓడిన వారం కూడా ముఖ్యమే. సెప్టెంబరులో ఓడి తర్వాత అన్నీ గెలిచిన జట్టును మనుషులు మరిచిపోయి క్షమిస్తారు. అదే ఓటమి నవంబరులో వస్తే కళ్ల ముందు తాజాగా ఉంటుంది, ర్యాంకు దబ్బున పడుతుంది.

పేరు ఎంత మోసం చేయగలదో మేరీవిల్ కథే చెబుతుంది. 1994లో బేర్‌క్యాట్స్ 11 మ్యాచులాడి పదకొండూ ఓడిపోయారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1998లో, అదే కోచ్ కింద 15కు 15 గెలిచి జాతీయ విజేతలయ్యారు. 1994 చూసి 1998ని ఊహించగలిగేవాళ్లు ఎవరుంటారు?

మనిషి లేకుండా లెక్క కడితే?

మనుషులతోనే ఇన్ని చిక్కులైతే కంప్యూటరుకు ఇచ్చేయొచ్చు గదా? ఇచ్చారు. కెనెత్ మాసీ, వెస్లీ కాలీ అనే ఇద్దరు లెక్కలు తెలిసినవాళ్లు చెరొక పద్ధతి తయారుచేశారు. పెద్ద యూనివర్సిటీల జట్లకు 1998 నుంచి 2013 దాకా మనుషుల పోల్స్‌తో పాటు కంప్యూటరు లెక్కలు కూడా కలిపి ర్యాంకులు వేసేవారు. ఆ కంప్యూటర్లలో ఈ ఇద్దరివీ ఉన్నాయి.

కాలీ పద్ధతి నీకు అర్థమయ్యేదే. ఆట మొదలవకముందు అందరికీ 0.5 మార్కు. ఎవరికీ పాత పేరు లేదు. తర్వాత గెలుపులకు ఒకటి కలిపి, ఆడిన మ్యాచులకు రెండు కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఒక్క మ్యాచ్ ఆడి గెలిస్తే రెండు బై మూడు, అంటే 0.667. ఓడితే ఒకటి బై మూడు, అంటే 0.333. ఒక్కటి గెలవగానే నూటికి నూరు ఇచ్చేయకుండా, ఇంకా చూద్దామని ఆగే పద్ధతి ఇది.

ఇంతటితో అయిపోలేదు. పుంగనూరు మీద మదనపల్లె గెలిచిందనుకో. మదనపల్లెకు 0.667 వచ్చింది. కానీ ఓడిన జట్టు మార్కు 0.333 గదా, బలహీనుణ్ని గెలవడం అంత గొప్పా? కొంచెం తగ్గించాలి. పుంగనూరు ఓడింది నిజమే, కానీ బలమైనవాడి చేతిలో ఓడింది, కొంచెం పెంచాలి. దీన్ని పెంచాక దాన్ని మళ్లీ సరిచూడాలి, దాన్ని సరిచూశాక దీన్ని. ఇలా తిప్పి తిప్పి చూస్తే చివరికి మదనపల్లె 0.625 దగ్గర, పుంగనూరు 0.375 దగ్గర కదలకుండా నిలబడతాయి. 160 జట్లకు ఈ పని చేతితో చేయలేం కాబట్టి కంప్యూటరు.

ఈ పద్ధతి ఎంత తేడాతో గెలిచారన్నది చూడదు. ఒక్క పాయింటుతో గెలిచినా, 40తో గెలిచినా గెలుపు గెలుపే. తేడాను కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులు వేరే ఉన్నాయి. మదనపల్లె పుంగనూరును పది పాయింట్లతో, పుంగనూరు కుప్పాన్ని అయిదుతో గెలిస్తే, ఎన్నడూ ఆడకపోయినా మదనపల్లె కుప్పాన్ని పదిహేనుతో గెలవాలని అవి లెక్క కడతాయి. ఇందులో తెలివి ఉంది, చిక్కూ ఉంది. ముందంజలో ఉన్న కోచ్ జాలిపడి కుర్రాళ్లను దింపితే తేడా తగ్గుతుంది. జాలి లేని కోచ్ స్కోరు పెంచుకుంటూ పోతే తేడా పెరుగుతుంది. ర్యాంకు కోసం ఎదుటివాణ్ని చితకబాదే అలవాటు పెరగకూడదని, పెద్ద జట్ల కంప్యూటరు లెక్కల్లోంచి ఈ గెలుపు తేడాను 2002లో తీసేశారు.

చూశావా, కంప్యూటర్లలో కూడా "తేడా చూడాలా, వద్దా?" అన్నది మనిషే తేల్చాలి. యంత్రం చేసేది కూడికలు, తీసివేతలే. ఏది కొలవాలో చెప్పేది మనిషి. కాబట్టి రెండు కంప్యూటర్లు కూడా ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

అసలు పని చేసే లిస్టు ఏది?

ఇన్ని లిస్టుల్లో ఒకదానికి మాత్రం చేతిలో తాళం చెవి ఉంది. అది కోచ్‌లదీ కాదు, కంప్యూటరుదీ కాదు. డివిజన్ టూ దేశాన్ని నాలుగు పెద్ద ప్రాంతాలుగా విడదీస్తుంది. సీజన్ చివరి వారాల్లో ప్రాంతానికొక కమిటీ కూర్చుని తన ప్రాంతం జట్లకు మాత్రమే ర్యాంకులు వేస్తుంది. ప్లేఆఫ్స్‌కు (ఓడితే ఇంటికే అనే చివరి పోటీలకు) ఎవరు వెళ్లాలో చాలావరకు ఆ ర్యాంకులను బట్టే తేలుతుంది. 2004 నుంచి 24 జట్లు, 2016 నుంచి 28 జట్లు వెళ్లేవి, 2025లో 32 అయ్యాయి.

కమిటీ పేరునూ పోయినేటి గొప్పనూ చూడకూడదు. గెలుపు ఓటములు, ఎంత బలమైనవాళ్లతో ఆడారు, ఒకే ప్రత్యర్థితో ఇద్దరూ ఆడి ఉంటే ఎవరు ఎలా ఆడారు, ఇద్దరూ ముఖాముఖి తలపడ్డారా అన్నవి చూడాలి. అందువల్ల ఒక వింత జరుగుతుంది. కోచ్‌ల పోల్‌లో దేశం మొత్తం మీద పైనున్న జట్టు, తన ప్రాంతం లిస్టులో ఇంకో జట్టు కింద కనిపించవచ్చు. కోచ్‌ల లిస్టు ముచ్చట కోసం. కమిటీ లిస్టు ప్రవేశపత్రం కోసం. ముచ్చట లిస్టును చూసి పండగ చేసుకున్నవాళ్లు ప్రవేశపత్రం రాక ఇంట్లో కూర్చున్న సందర్భాలు అందుకే వస్తాయి.

ఫస్టు ర్యాంకులోనే తేడా వచ్చిందా ఎప్పుడైనా?

వచ్చింది, అదీ చాలాసార్లు. చిన్న కాలేజీలకు ప్లేఆఫ్స్ లేని కాలంలో రెండు వార్తా సంస్థలు పోల్స్ నడిపేవి. యూపీఐ 1958లో, ఏపీ 1960లో మొదలుపెట్టాయి. ఏడాది చివర లిస్టులో పైనున్నదే విజేత. 1963లో నార్తర్న్ ఇల్లినాయిస్ పదికి పది గెలిచింది, డెలావేర్ ఎనిమిదికి ఎనిమిది గెలిచింది. ఇద్దరూ ఒక్క ఓటమీ ఎరగరు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడలేదు. ఏపీ మొదటిదాన్ని విజేత అంది, యూపీఐ రెండోదాన్ని అంది. మరుసటి ఏడాది ఏపీకి విటెన్‌బర్గ్, యూపీఐకి లాస్ ఏంజెలిస్ స్టేట్ కాలేజీ విజేతలు. 1968లోనూ అంతే, ఒకరికి నార్త్ డకోటా స్టేట్, ఇంకొకరికి శాన్ డియేగో స్టేట్. ఆ కాలేజీలు ఇప్పటికీ తమ తమ కప్పుల్ని గర్వంగా చెప్పుకుంటాయి. తప్పేమీ లేదు, రెండు ఊహల్లో రెండూ ఫస్టే.

1973లో డివిజన్ టూ ఏర్పడి, మైదానంలోనే తేల్చుకునే పోటీ మొదలయ్యాక ఈ గొడవ తీరింది. తీరిందనే అంటారు. కానీ పూర్తిగా తీరిందా? మళ్లీ మేరీవిల్ వెళ్దాం. బేర్‌క్యాట్స్ 2005 నుంచి 2008 దాకా వరుసగా నాలుగేళ్లు ఫైనల్‌కు చేరారు. నాలుగుసార్లూ ఓడారు. 2005లో 21–17, 2006లో 17–14, 2007లో 25–20, 2008లో 21–14. తేడాలు చూడు: నాలుగు, మూడు, అయిదు, ఏడు. ఏ ఒక్క ఫైనల్లోనూ తేడా టచ్‌డౌన్, దాని తర్వాతి తన్ను కలిపిన ఏడును దాటలేదు. నిన్ను గుర్తుపెట్టుకోమన్న ఏడు అదే. 2009లో మళ్లీ ఫైనల్‌కు వచ్చి ఈసారి 30–23తో గెలిచారు. ఇక్కడా తేడా ఏడే!

ఆ నాలుగేళ్లూ వాళ్లు రెండో ర్యాంకు జట్టేనా? కప్పు లెక్కలో అవును. కానీ ఒక్క బంతి చేతిలోంచి జారకుండా ఉంటే, ఒక్క తన్ను గుంజల మధ్య నుంచి పోయి ఉంటే? మైదానం కూడా ఒక్కరోజు చెప్పిన మాటే చెబుతుంది. కాకపోతే ఆ మాటకు అందరూ కట్టుబడతామని ముందే ఒప్పుకున్నారు. కప్పుకు మిగతా లిస్టులకు లేని గౌరవం ఆ ఒప్పందం వల్లే వచ్చింది.

మరి నీ ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మెట్లన్నీ కలిపి చూడు. ఎక్కువ జోడీలు అసలు ఆడవు కాబట్టి ర్యాంకు ఒక ఊహ. ఏది కొలవాలో ఒక్కో లిస్టుది ఒక్కో లెక్క. ఓట్లు కూడే పద్ధతి ఫలితాన్ని మారుస్తుంది. చూసేవాడు నిలబడ్డ చోటు మారుస్తుంది. పాత పేరు మారుస్తుంది. యంత్రానికి ఇచ్చినా యంత్రానికి నేర్పిన మనిషి అభిప్రాయం మారుస్తుంది. "ఏది నిజం?" అని అడిగావు. ఒక్కో లిస్టు ఒక్కో ప్రశ్నకు నిజమైన జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు మాత్రమే చదివితే తికమక తప్పదు.

ఇది ఇంకో నాలుగేళ్లకు నీకే పనికొస్తుంది. ఇంటర్ అయ్యాక మీ ఇంట్లో ఇంజినీరింగ్ కాలేజీల ర్యాంకుల మీద పెద్ద చర్చ జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు బోధన, పరిశోధన, చదువు ముగించినవాళ్ల ఫలితాలు, అన్ని వర్గాలకూ చోటు, జనంలో పేరు అనే అయిదు అంశాలను కలిపి కాలేజీలను ఒకదానితో ఒకటి పోలుస్తాయి. న్యాక్ (కాలేజీల నాణ్యతను తూచే సంస్థ) ఇచ్చే గుర్తింపు అలా కాదు. అది ఒక్కో కాలేజీని విడిగా ఒక కొలబద్ద దగ్గర నిలబెట్టి చూస్తుంది. ఒకదాంట్లో మెరిసిన కాలేజీ ఇంకోదాంట్లో కనిపించకపోవచ్చు. అప్పుడు కంగారు పడకుండా, పరిశోధన నాకు ముఖ్యమా, మంచి పంతులు ముఖ్యమా, ఇంటికి దగ్గరగా ఉండటం ముఖ్యమా అని ముందు నీ లెక్క నువ్వు తేల్చుకో. లిస్టు తర్వాత చూడొచ్చు.

మిస్సోరీలో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆట మొదలైతే, సెప్టెంబరు నెలలో మనకు రాత్రి పదకొండున్నర. మీ అన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "ఈ వారం మావాళ్ల ర్యాంకు పెరుగుతుంది చూడు" అంటాడు. నువ్వు సంతోషపడు. ఆ తర్వాత మెల్లగా అడుగు: "ఎవరి లెక్కలోనన్నా?" ఆయన కాసేపు ఆగి ఆలోచించాడంటే, ఇంతసేపూ మనం ఎక్కిన మెట్లు వృథా పోలేదు.